సలహా వరకే: ఉత్తరాంధ్ర కతోలిక బళ్లు, దళిత తల్లిదండ్రులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కతోలిక బళ్ల చరిత్ర చెప్పేటప్పుడు మిషనరీలతో మొదలుపెట్టి బిషప్పులతో ముగించడం అలవాటైపోయింది. మధ్యలో భవనాలు, రజతోత్సవాలు. పిల్లల్ని బడికి పంపినవాళ్లు, అంటే పేటల్లోని మాలలు, రెల్లివాళ్లు, పైడివాళ్లు, కొండల మీది సవరలు, జాతాపులు, ఆ చరిత్రలో మేలు పొందినవాళ్లుగా తప్ప కనిపించరు. బడి గురించి వాళ్లు మాట్లాడే చోటు ఏది? ఆ మాటకు విలువ ఎంత? ఆ చోటుకి ఈ కాలంలో పెట్టిన పేరు తల్లిదండ్రుల సలహా మండలి. ఈ పేరులో ‘తల్లిదండ్రులు’ అన్న మాట కన్నా ‘సలహా’ అన్న మాటకే చరిత్ర ఎక్కువ ఉంది. దాన్ని తవ్వి చూడటమే ఈ వ్యాసం పని.

1846లో సవోయ్ ప్రాంతంలోని అన్నెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ మిషనరీలు విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడాదే అక్కడ బడి పెట్టారు. 1849లో అదే అన్నెసీ నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు వచ్చారు. 1886లో విశాఖ మేత్రాసనం ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం దాని కింద ఒక మూల. ఈ రెండు జిల్లాలకు కలిపి శ్రీకాకుళం మేత్రాసనం విడిగా ఏర్పడింది 1993లో మాత్రమే. అంటే దాదాపు నూటయాభై ఏళ్లు ఇక్కడి బళ్ల మీద నిర్ణయాలు ఈ జిల్లాల బయటే జరిగాయి. మొదట్లో ఆ మిషను చూసుకున్న జనం కూడా మన పేటల జనం కారు. కంపెనీ సైన్యంలోని ఐరిష్ కతోలికులు, వాళ్ల పిల్లలు, ఆంగ్లో ఇండియన్లు. కంటోన్మెంటు ఉన్నచోట ఫాదరు, ఫాదరు ఉన్నచోట బడి. పేట జనం తర్వాత వచ్చారు. వచ్చేసరికి బడి ఎవరిదో తేలిపోయి ఉంది.

ఇదే నేల మీద 1870ల తర్వాత కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. బాప్టిస్టు పద్ధతిలో సంఘం కూర్చుని ఓటు వేస్తుంది, పెద్దల్ని ఎన్నుకుంటుంది. బడి డబ్బు మాత్రం దొరగారి చేతిలోనే ఉండేది, కాబట్టి అదేదో స్వర్గమని చెప్పబోవడం లేదు. అయినా ‘మనం కూర్చుని తేల్చుకుందాం’ అనే అలవాటు కొన్ని పేటలకి ఆ దారిన వచ్చింది. కతోలిక విచారణలో ఆ అలవాటుకి చోటు లేదు. విచారణ గురువు పైవాళ్లకి జవాబుదారీ, కిందివాళ్లకి తండ్రి. ‘ఫాదరుగారిని అడగాల’ అన్నది మన పేటల్లో ఇప్పటికీ వినబడే మాట. అడగడం ఉంది. ఆయన్ని అడిగి కూర్చోబెట్టడం లేదు.

ప్రభుత్వం కూడా ఈ ఏర్పాటునే గట్టిపరిచింది. 1854 వుడ్ డిస్పాచ్ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతి వచ్చింది. బడి నడిపే మనిషి సర్కారుతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపుతాడు, గ్రాంటు తెచ్చుకుంటాడు. అందుకే ఆయన ‘కరస్పాండెంటు’ అయ్యాడు. ఈ రోజుకీ మన ప్రైవేటు బళ్లలో అధిపతికి అదే పేరు. ఈ పేరులో ఒక రాజకీయం ఉంది. ఉత్తరం ఇద్దరి మధ్య నడుస్తుంది, మేనేజిమెంటుకీ డిపార్ట్‌మెంటుకీ. ఆ ఉత్తరంలో పిల్లలు అంకెలు. తల్లిదండ్రులు అంకెలుగా కూడా లేరు. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల విద్యకు ప్రత్యేక ప్రోత్సాహం ప్రకటించినప్పుడు కూడా గ్రాంటు మేనేజర్లకే వెళ్లింది. పంచముల పేరు మీద డబ్బు వచ్చింది, పంచములు కూర్చునే బల్ల మాత్రం రాలేదు.

చర్చి సొంత బోధ దీనికి తోడు నిలుస్తుందా అంటే, ఆశ్చర్యం, నిలవదు. 1965లో రెండో వాటికన్ మహాసభ విద్య మీద చేసిన ప్రకటన, పిల్లలకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని చెప్పింది. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం 796వ నియమం ఇంకో అడుగు ముందుకు వేసి, తల్లిదండ్రుల సంఘాలు లేదా సమావేశాలు ఏర్పాటు చెయ్యాలనీ, వాటిని ఎంతో గౌరవించాలనీ అంటుంది. గౌరవించాలి అంటే వినాలి అనే గదా! కానీ విన్న తర్వాత ఆ మాటకి కట్టుబడి ఉండాలా అన్నది ఆ నియమం చెప్పదు.

ఆ ఖాళీని మన కోర్టులు నింపాయి. ఇక్కడ దళిత పాఠకులు జాగ్రత్తగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు అవసరమే. హిందూ మెజారిటీ దేశంలో, మతమార్పిడి మీద దాడులు జరిగే దేశంలో, దాన్ని చులకన చెయ్యడం ఆత్మహత్యతో సమానం. అయితే ఆ హక్కు ఎవరి చేతిలో పడింది? 1970లో కేరళ విశ్వవిద్యాలయ చట్టం మీద మదర్ ప్రొవిన్షియల్ కేసు, 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కాలేజీ కేసు. రెండూ కతోలిక సంస్థల కేసులే. కాలేజీ పాలకవర్గాల్లో బయటి ప్రతినిధులు ఉండాలన్న నిబంధనలు మైనారిటీ సంస్థలకు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది. సెయింట్ జేవియర్స్ కేసులో ఆ ప్రతినిధుల్లో యూనివర్సిటీ మనుషులే కాదు, అదే కాలేజీ అధ్యాపకులు, విద్యార్థులు కూడా ఉన్నారు. సర్కారు జోక్యానికి అడ్డంగా కట్టిన గోడ సొంత మనుషుల మీద కూడా నిలబడింది.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ బడికీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలంది. నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది ఆడవాళ్లు, వెనకబడ్డ వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం, గ్రాంటు ఖర్చు గమనించడం దాని పనులు. ఇది కాగితం మీద చిన్న విప్లవమే. రెల్లి వీధిలో మున్సిపాలిటీ చీపురు పట్టే తల్లికి కరస్పాండెంటు లెక్కలు చూసే హక్కు!

చర్చి పెద్దలతో సహా మైనారిటీ సంస్థల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. 2012లో చట్టాన్ని సవరించారు. మైనారిటీ బళ్లలో, తక్కిన ఎయిడెడ్ బళ్లలో ఈ కమిటీ సలహా మాత్రమే ఇస్తుందని చేర్చారు. ‘సలహా’ అన్న మాట మన చట్టంలోకి అలా వచ్చింది. అది 2012 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఎయిడెడ్ అయినా కాకపోయినా మైనారిటీ బళ్లకు విద్యాహక్కు చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. దాంతో ఆ సలహా కూడా పోయింది. ఇరవై ఒక్క నెలలు. కతోలిక ఎయిడెడ్ బడిలో దళిత తల్లి సలహాకు చట్టం వెన్ను కాసిన కాలం అంతే. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పును సందేహించి, పెద్ద ధర్మాసనానికి పంపాలని ప్రధాన న్యాయమూర్తిని కోరింది. ఇక ఎయిడ్ లేని ఫీజు బళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 21వ సెక్షన్ వాటిని మొదట్నించీ తాకనే లేదు.

ఇందులో మనకి ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీ జాబితా నుంచి తప్పించింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లకి మిగిలింది బీసీ-సి, ఒక్క శాతం. అందుకే పేటలో చాలా ఇళ్లలో గోడ మీద మరియమ్మ పటం, సర్టిఫికెట్లో హిందూ మాల. దీన్ని దొంగతనం అనేవాళ్లున్నారు. తిండి కోసం, కొలువు కోసం, అత్యాచార నిరోధక చట్టం రక్షణ కోసం పడే పాటు అది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన మనిషి ఆ చట్టం కింద కేసు పెట్టలేడని చెప్పింది. కాబట్టి ఆ భయం ఊహ కాదు.

ఇప్పుడు బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. కులం గడి, మతం గడి పక్కపక్కనే ఉంటాయి. ఆ తల్లి మతం గడిలో క్రైస్తవం రాయిస్తే ఎస్సీ పోతుంది, హిందూ రాయిస్తే మైనారిటీ పోతుంది. అంటే ఏ జనం పేరు మీద బడి మైనారిటీ హక్కు అడుగుతుందో, ఆ జనంలో చాలామంది కాగితం మీద మైనారిటీయే కారు. హక్కు నిరూపణకి వాళ్లు అవసరం కూడా లేరు, ఎందుకంటే బడి పెట్టింది ఎవరు, నడిపేది ఎవరు అన్నదే చట్టం చూస్తుంది. రిజిస్టరైన సభ ఉంటే చాలు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధాన పత్రం ప్రకారం దేశంలో సుమారు కోటీ తొంభై లక్షల కతోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులు. గురువుల్లో దళితులు అయిదు శాతం దగ్గర. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే మన సలహా మండలి వేలాడుతోంది.

మండలి ఉన్నచోట ఎవరు కూర్చుంటారు? ఒకే ఆవరణలో ఫీజు తీసుకునే ఇంగ్లీషు మీడియం బడి ఒకటి, ఎయిడెడ్ తెలుగు మీడియం బడి ఒకటి ఉండటం మనకి తెలిసిన దృశ్యమే. మొదటిదాని కమిటీలో డాక్టర్లు, కాంట్రాక్టర్లు, ఆఫీసర్లు తేలిగ్గా కుదురుతారు. వాళ్లు మాట్లాడేది బస్సు, యూనిఫారం, ర్యాంకులు. రెండోదాని తల్లిదండ్రులకి మీటింగు టైమే శత్రువు. పనిరోజు పొద్దున్న పదింటికి పిలిస్తే ఆ రోజు కూలి పోతుంది. శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లు వలసల ఊళ్లు. అమ్మానాన్నలు హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టుబడి పనిలో ఉంటారు, పిల్లడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. చట్టం ‘సంరక్షకులు’ అన్న మాట రాసింది కాబట్టి ఆ అమ్మమ్మ కమిటీలో కూర్చోవచ్చు. తండ్రి సంతకం అడిగే ఫారంలో ఆమె లేదు. వేలిముద్ర వేసే ముసలమ్మని సలహాదారుగా ఊహించుకోవడం మన చదువుకున్నవాళ్లకే కష్టం, ఫాదర్లని ఒక్కళ్లనే అని ఏం లాభం.

ప్రభుత్వ బళ్లలో అంతా బాగుందని కాదు. 1998 చట్టంతో స్కూల్ కమిటీలు వచ్చాయి, 2019లో నాడు-నేడు పనుల డబ్బు తల్లిదండ్రుల కమిటీల ద్వారా నడిచింది. అక్కడా సంతకం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయిన సందర్భాలు తక్కువేం కాదు. కానీ సంతకం కావాల్సి వచ్చినప్పుడు మనిషి ఇంటికి వెళ్లాల్సి వస్తుంది. సలహా కోసం ఎవరూ వెళ్లరు.

2021లో ఈ తేడా బయటపడింది. ఆ ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు సిబ్బందిని గానీ, ఆస్తులతో సహా మొత్తం సంస్థని గానీ సర్కారుకి అప్పగించేలా ఉత్తర్వులు ఇచ్చింది. అనేక మేనేజిమెంట్లు అంగీకార పత్రాలు రాసిచ్చాయి. ఎయిడ్ పోతే బడి మూతపడాలి, లేదా ఫీజు బడి కావాలి. అక్టోబరులో విశాఖ జ్ఞానాపురంలో తల్లిదండ్రులు వీధికెక్కారు. రాష్ట్రమంతా గొడవ అయ్యాక నవంబరులో ప్రభుత్వం దిగి వచ్చి, అంగీకారం వెనక్కి తీసుకునే దారి కూడా ఇస్తూ మెమో జారీ చేసింది. బడి ఉండాలా పోవాలా అన్న ప్రశ్న కన్నా తల్లిదండ్రులు సలహా చెప్పాల్సిన విషయం ఇంకేముంటుంది? ఆ ప్రశ్న మీద వాళ్ల మాట వినబడింది రోడ్డు మీద, మండలిలో కాదు.

చట్టం లేకపోతే ఏమీ చెయ్యలేమా? 796వ నియమానికి సుప్రీంకోర్టు అడ్డం లేదు, 2016 విధాన పత్రానికీ లేదు. మేత్రాసనం తలుచుకుంటే తన బళ్లలో మండలికి నాలుగు విషయాల మీద సలహా కాదు, సమ్మతి హక్కు ఇవ్వొచ్చు: సీట్ల జాబితా, ఫీజు రాయితీ, మీడియం మార్పు, బడి మూత. సభ్యత్వానికి మతం గడి చూడకూడదు, పిల్లడు ఆ బడిలో ఉంటే చాలు. మీటింగు ఆదివారం పూజ అయ్యాక పెట్టొచ్చు, ఆ రోజు పేట అంతా గుడి దగ్గరే ఉంటుంది. ఈ నాలుగు విషయాలూ రాసి విచారణ గురువుకీ, నకలు మేత్రాణులకీ పంపే పని మాత్రం పేటదే. కరస్పాండెంటుతో ఉత్తరాలు నడపడం ఒక్క డిపార్ట్‌మెంటుకే రాసిపెట్టి లేదు.