జిమెనీజ్ పేరు చెప్పి

గూఢ పదకేళి కూర్చేవాళ్ల పరిభాషలో ‘జిమెనియన్’ అంటే కచ్చితమైన, న్యాయమైన ఆధారం. ఆ మాట పుట్టుకేమో చిత్రహింసల చరిత్రలో ఉంది. లండన్ ‘అబ్జర్వర్’ పత్రికలో 1926 నుంచి పదకేళి కూర్చిన ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ కలంపేరు టోర్కెమడా. స్పెయిన్ మతవిచారణ పీఠాన్ని నడిపిన తొలి అధిపతి పేరది. 1939లో మాథర్స్ పోయాక వచ్చిన డెరిక్ మెక్‌నట్, అదే పీఠమెక్కిన జిమెనీజ్ పేరు పెట్టుకున్నాడు. 1972లో ఆ వారసత్వం అందుకున్న జొనాథన్ క్రౌథర్, డెజా అనే మరో అధిపతి పేరులోని ఇంగ్లిష్ అక్షరాల్ని తిరగేసి ‘ఎజెడ్’ అయ్యాడు. కలంపేరులోనే ఒక ఆధారం!

పీడకుడి పేరు న్యాయానికి ఎలా అంటుకుంది? 1966లో మెక్‌నట్ రాసిన పుస్తకం వల్ల. ఆధారంలో ఒకవైపు జవాబుకు సూటి అర్థం, మరోవైపు అక్షరాల ఆట ఉండాలి, దండగ మాట ఒక్కటీ ఉండకూడదు అన్నాడాయన. తెలుగులో ఉదాహరణకు, ‘పాము విప్పేది వెనక్కి తిరిగితే గుమ్మం అడుగు’ అంటే పడగ తిరగబడి గడప అవుతుంది. మనసు పాము వెంట పోతుంది కానీ వాక్యం అబద్ధమాడలేదు. ఈ పట్టింపు సరదాను చంపుతుందనే వాళ్లున్నారు. ‘గార్డియన్’లో అరౌకేరియాగా పేరొందిన జాన్ గ్రాహం నియమాల్ని సడలించే జనాన్ని మెప్పించాడు, నిజమే. అయితే ఆయన సడలింపును చమత్కారంగా గుర్తించాలన్నా పాఠకుడికి ముందు ఆ నియమం తెలిసుండాలి.