వాట్ ఎ ఫ్రెండ్ వియ్ హావ్ ఇన్ జీసస్

ప్రార్థన గురించి ఇంగ్లిష్‌లో వచ్చిన సువార్త గీతాల్లో ప్రపంచమంతా ఎక్కువగా పాడుకునే వాటిలో ఇది ఒకటి. దీన్ని రాసింది ఐర్లండ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన జోసెఫ్ మెడ్లికాట్ స్క్రివెన్ (1819–1886). నేడు అందరూ పాడే బాణీ అమెరికన్ న్యాయవాది, సంగీతకర్త చార్లెస్ క్రోజాట్ కన్వర్స్‌ది. రాసింది 1855లో, బాణీ కట్టింది 1868లో. కవి, సంగీతకర్త కలిసి పనిచేసి తయారుచేసిన పాట కాదిది. పేరు లేకుండా అచ్చయిన పద్యం బాణీని వెతుక్కుంటూ వెళ్లిందంటే సరిపోతుంది.

స్క్రివెన్ స్వస్థలం ఐర్లండ్ ఉత్తర భాగంలోని డౌన్ కౌంటీ, బాన్‌బ్రిడ్జ్ ప్రాంతం. కొంతకాలం సైనిక విద్యాలయంలో చదివి, ఆరోగ్యం సహకరించక మానుకున్నాడు. 1842లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో పట్టా పుచ్చుకున్నాడు. పెళ్లికి ముందురోజు ఆయన చేసుకోబోయే అమ్మాయి నీళ్లలో మునిగి చనిపోయిందని సంప్రదాయంగా వస్తున్న కథ. 1840ల మధ్యలో ఆయన కెనడా వెళ్లాడు. నేటి ఒంటారియో రాష్ట్రంలోని పోర్ట్ హోప్, రైస్ లేక్ పరిసరాల్లో చివరిదాకా బతికాడు. అక్కడ పెంగెలీ కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఆ కుటుంబానికి బంధువైన ఎలైజా రోష్‌తో పెళ్లి కుదిరింది. అదీ జరగలేదు, 1860లో ఆమె జబ్బుచేసి చనిపోయింది.

పాట పుట్టుక గురించి ప్రసంగాల్లో వినిపించే కథ ఇక్కడే దారి తప్పుతుంది. కాబోయే భార్యలు ఇద్దరూ పోయిన దుఃఖంలోంచి పాట పుట్టిందని చెబుతుంటారు. తేదీలు ఆ మాటను ఒప్పుకోవు. ఎలైజా చనిపోయేనాటికి పద్యం రాసి ఐదేళ్లయింది. మొదటి మరణానికీ పద్యానికీ నడుమ పదేళ్లకు పైగా ఉంది. అసలు సందర్భం ఇంతకంటే చిన్నది, అందుకే నమ్మదగినదిగానూ ఉంది. ఐర్లండ్‌లో తల్లి కష్టంలో ఉందని తెలిసి, సముద్రం దాటి వెళ్లలేని కొడుకు ఆమెను ఓదార్చడానికి రాసి పంపిన పద్యమిది. అచ్చువేయాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. తర్వాత జబ్బుపడ్డప్పుడు చూడవచ్చిన పొరుగాయన ఆ కాగితం చూసి, ఇది మీరే రాశారా అని అడిగితే, ప్రభువూ నేనూ కలిసి రాశామన్న అర్థంలో జవాబిచ్చాడని గాయకుడు ఐరా శాంకీ తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు.

పద్యానికి మొదటి శీర్షిక ‘ప్రే వితౌట్ సీసింగ్’, అంటే ఎడతెగని ప్రార్థన. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలోని ఆజ్ఞ అది. ఆ శీర్షిక మరుగునపడి మొదటి పాదమే పాట పేరైంది. దాంతో ఇది యేసు స్నేహాన్ని కొనియాడే స్తుతిగీతమన్న అభిప్రాయం స్థిరపడింది. నిజానికి స్నేహితుడన్న మాట వాదానికి ఆధారం మాత్రమే, వాదం ప్రార్థన గురించి. మొదటి చరణం ఓదార్పుతో మొదలై వెంటనే మందలింపుకు దిగుతుంది: మనశ్శాంతి పోగొట్టుకుని, పడనక్కర్లేని బాధ పడుతున్నామంటే తప్పు పరిస్థితులది కాదు, వాటిని దేవుని ముందు పెట్టని మనది. రెండో చరణం శోధనలు, కష్టాలు, నిరుత్సాహం ఒక్కొక్కటే తీసి ప్రతిదానికీ ప్రార్థననే మందుగా చూపుతుంది. మూడో చరణం బలహీనులనూ, భారం మోసి అలసినవారినీ, సొంత స్నేహితులే చిన్నచూపు చూసినవారినీ పిలుస్తుంది. మత్తయి పదకొండో అధ్యాయంలోని పిలుపు ఇక్కడ వినిపిస్తుంది. శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలిచిన యోహాను పదిహేనో అధ్యాయం పాటంతటికీ పునాది. ప్రార్థిస్తే కష్టం తొలగిపోతుందన్న హామీ ఎక్కడా లేకపోవడం గమనించాలి. కష్టాన్ని ఒంటరిగా మోయనక్కర్లేదన్నంత వరకే కవి చెప్పాడు.

ఈ నిరాడంబరతకు స్క్రివెన్ విశ్వాసమూ కారణమే. ఆయన ప్లిమత్ బ్రదరెన్ సమాజానికి చెందినవాడు. 1820ల చివర డబ్లిన్‌లో మొదలైన ఈ సమాజంలో జీతం తీసుకునే పాదిరి లేడు, సహోదరులే కూడుకుని ఆరాధిస్తారు. ఈ శాఖ తెలుగువారికి కొత్తకాదు. మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ మొదలుపెట్టిన నరసాపురం గోదావరి డెల్టా మిషన్ ఈ కోవలోదే. స్క్రివెన్ ఏ మిషన్‌లోనూ చేరలేదు. పోర్ట్ హోప్ వీధుల్లో సువార్త చెబుతూ, రంపం పట్టుకుని తిరుగుతూ, కూలి ఇచ్చుకోలేని విధవరాళ్లకూ రోగులకూ ఊరికే కట్టెలు కోసిపెట్టేవాడు. డబ్బివ్వగలవాళ్లు పిలిస్తే వెళ్లేవాడు కాదని ఊళ్లో చెప్పుకునేవారు.

పద్యం 1865లో హెచ్.ఎల్. హేస్టింగ్స్ వేసిన ‘సోషల్ హిమ్స్’ సంకలనంలో కవి పేరు లేకుండా అచ్చయింది. 1869లో స్క్రివెన్ తన గీతాలను చిన్న పుస్తకంగా వేసుకున్నా దానికి పెద్ద ప్రచారం రాలేదు. కన్వర్స్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీతం నేర్చినవాడు, పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో న్యాయవాది. బాణీకి ఆ ఊరి పేరే పెట్టారు, కన్వర్స్ అన్న పేరుతోనూ పిలుస్తారు. అందులో నాలుగు వరసలు. మొదటిదే కొద్ది మార్పుతో రెండు, నాలుగు వరసల్లో తిరిగి వస్తుంది, మూడోది మాత్రం వేరు. మిగతా మూడు వరసలూ చాలా మేరకు స, రి, గ, ప, ద స్వరాల మీదే నడుస్తాయి. మూడో వరసలో మధ్యమం ప్రవేశించగానే రంగు మారుతుంది. మొదటి చరణంలో మందలింపు సరిగ్గా అక్కడే వస్తుంది. కన్వర్స్‌కు అది అనుకోకుండా కుదిరి ఉంటే అదృష్టమే. పల్లవి లేకపోవడం వల్ల కాలక్షేపపు పాటగా జారిపోలేదు. ఆనాటి సువార్త గీతాలకు పల్లవి దాదాపు తప్పనిసరి.

పాటను లోకమంతా చేర్చినవాడు శాంకీ. సువార్తికుడు డి.ఎల్. మూడీ వెంట బ్రిటన్ యాత్ర ముగించుకొచ్చిన 1875లో ఆయన, పి.పి. బ్లిస్ కలిసి ‘గాస్పెల్ హిమ్స్’ తొలి సంపుటి వేశారు. ఆ పుస్తకంలో చివరగా చేరిన ఈ పాటే అందరికీ ముందుగా నచ్చిన వాటిలో ఒకటైందని శాంకీ రాసుకున్నాడు. కవి స్కాట్లండ్‌కు చెందిన హొరేషియస్ బోనార్ అని చాలాకాలం పొరపడ్డారు. పాట మోగుతుంటే రాసినవాడు పోర్ట్ హోప్‌లో కట్టెలు కోస్తున్నాడు.

1886 ఆగస్టు 10న, జబ్బుతో రైస్ లేక్ దగ్గర ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్న స్క్రివెన్ రాత్రివేళ బయటికి వెళ్లి నీళ్లలో శవమై కనిపించాడు. ప్రమాదమో కాదో తేలలేదు. పెంగెలీ కుటుంబ శ్మశానంలో పాతిపెట్టారు. పాట చరణాలు చెక్కిన స్మారక స్తంభం అక్కడ చాలా ఏళ్ల తర్వాత గాని లేవలేదు.

బాణీ మాత్రం చర్చి గోడలు దాటి వెళ్లింది. జపాన్‌లో 1910లో నక్షత్రాల గురించిన బడిపాటగా మారింది. అక్కడ క్రైస్తవ పద్ధతిలో జరిగే పెళ్లిళ్లలో అసలు కీర్తనగానూ పాడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు ఈ బాణీలోనే, పాడు యుద్ధం ముగిసి ఇంటికి పోయాక ఏంచేస్తామో చెప్పే వేళాకోళపు పాట కట్టుకున్నారు. అది 1963 నాటి ‘ఓ! వాట్ ఎ లవ్లీ వార్’ నాటకంలోనూ, 1969 నాటి సినిమాలోనూ వినిపిస్తుంది. బ్రిటన్‌లో కొన్ని సంఘాలు వేల్స్ సంగీతకర్త విలియం పెన్‌ఫ్రో రౌలండ్స్ కట్టిన ‘బ్లయెన్‌వెర్న్’ బాణీలో పాడతాయి. మిగతా ప్రపంచంలో ఎక్కువమంది పాడేది 1868 నాటి కన్వర్స్ బాణీయే.