భూకేంద్రమునుండి సూర్యకేంద్రమునకు: గ్రహగణిత చరిత్రలో తెలుగువారి పాలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఏటేట రెండు సంవత్సరాదులు జరుగుచుండును. తెలుగువారును కన్నడిగులును చైత్ర శుద్ధ పాడ్యమినాడు ఉగాది జరుపుకొందురు. తమిళ సోదరులకు సూర్యుడు మేషరాశిలో ప్రవేశించు దినము, అనగా ఏప్రిల్ 14వ తేదీ ప్రాంతము, వత్సరారంభము. మొదటిది చాంద్రమానము, రెండవది సౌరమానము. పైకి వేరుగా కానవచ్చు నీ రెండింటికిని మూలము ప్రాచీన సిద్ధాంతగ్రంథముల గ్రహగణితమే. ఆ గణితము విశ్వమును ఏ రీతిగా భావించినది, ఆ భావన యెట్లు మారెను, ఆ మార్పులో తెలుగువారి పాలెట్టిదను విషయము నీ వ్యాసమున సంగ్రహముగా విచారింతము.

క్రీస్తుపూర్వము 3వ శతాబ్దముననే అరిస్టార్కసు అను గ్రీకు పండితుడు భూమియే సూర్యుని చుట్టివచ్చునని చెప్పెను గాని, ఆ మాట నిలువలేదు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున టాలమీ భూమిని నడుమ నుంచి, వృత్తముపై వృత్తమును కల్పించి గ్రహగతులను లెక్కించెను. మన దేశమున ఆర్యభటుడు 499లో భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని చెప్పి, నావలో పోవువానికి ఒడ్డు వెనుకకు సాగునట్లు తోచుటను దృష్టాంతముగా చూపెను. అయినను గ్రహములకు కేంద్రము భూమియే యని యాతని గణితము. 628లో బ్రహ్మగుప్తుడు ఆ భూభ్రమణమును సైతము ఖండించెను.

సూర్యసిద్ధాంతమును పరిశీలించిన నొక విశేషము గోచరించును. ప్రతి తారాగ్రహమునకును అందు మందము, శీఘ్రము అను రెండు సంస్కారములు చెప్పబడినవి. కుజ, గురు, శనులకు శీఘ్రోచ్చము సూర్యుని మధ్యమగతియే. బుధ శుక్రులకు మధ్యమగతి సూర్యునిది. వారి స్వీయగతి శీఘ్రోచ్చమైనది. అనగా సూర్యుడు నడుమ కూర్చుండకపోయినను, అయిదు గ్రహముల లెక్కలలోను ప్రవేశించియే యున్నాడు. ఇది సూర్యకేంద్రవాదము కాదు. కాని యాకాశమును శ్రద్ధతో గమనించినవారి గణితమున ఆ సత్యపు నీడ పడకతప్పలేదు.

ఈ సూర్యసిద్ధాంతమునకే 1178 ప్రాంతమున వేంగీదేశీయుడగు మల్లికార్జునసూరి తెలుగున వ్యాఖ్య రచించెను. నన్నయ భారతరచనకు పిమ్మట సుమారు నూరేండ్లకే తెలుగు గ్రహగణితమును మోయగల భాషయైనదన్నమాట. 15వ శతాబ్దమున ఎల్లయ ఆర్యభటీయమునకు వ్యాఖ్య సంతరించెను.

సిద్ధాంతమును గౌరవించుట వేరు, దానిని మార్పరానిదిగా నెంచుట వేరు. సూర్యసిద్ధాంతమున సంవత్సర ప్రమాణము 365 రోజుల 6 గంటల 12 నిమిషముల 36 సెకనులు. నేటి కొలత ప్రకారము నాక్షత్ర సంవత్సరము 365 రోజుల 6 గంటల 9 నిమిషముల 10 సెకనులు. ఏటికి మూడున్నర నిమిషముల కించిదూనమైన ఈ భేదము నాలుగువందల పైచిలుకు ఏండ్లకు ఒక దినమగును. ఇట్టి దోషములు కంటబడినపుడెల్ల మన జ్యోతిష్కులు బీజసంస్కారము చేసి లెక్కను దృష్టికి సరిపుచ్చుచు వచ్చిరి. కేరళదేశీయుడగు నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతమున తంత్రసంగ్రహమున బుధ శుక్రుల గణితమును సవరించెను. అయిదు గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగునని ఆతని మతము. ఐరోపాలో టైకో బ్రాహి 1588లో ఇట్టి పద్ధతినే ప్రకటించెను. అప్పటికే 1543లో కోపర్నికసు సూర్యుని కేంద్రమున నిలిపియుండెను. కెప్లరు 1609లో వృత్తమును విడిచి దీర్ఘవృత్తమును గైకొనుటయు, 1687లో న్యూటను ఆకర్షణ నియమమును ప్రకటించుటయు ఆ వాదమునకు స్థిరత్వము గూర్చెను.

ఈ నూతన ఖగోళమును దక్షిణాదివారు దూరదర్శినితో స్వయముగా పరిశీలించుటకు 1792లో చెన్నపట్టణమున నెలకొన్న వేధశాల దారి చూపెను. విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావు 1840లో స్వంత వేధశాలను స్థాపించెను. ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించెను. భూమికి సూర్యునికి నడిమి దూరమును నిర్ణయించుటకు నాడు ప్రపంచమంతయు ఎదురుచూచిన ఘటన అది. చెన్నపట్టణపు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు ఆ సంగతిని జనులకు తెలుపుటకై ఇంగ్లీషుననే గాక దేశభాషలలోను పుస్తికను వెలువరించెను. పూర్వవాక్యములపై ఆధారపడక, ఆకాశమున కానవచ్చు స్థితికి సరిపోవు దృగ్గణిత పంచాంగమును సైతము ఆయన ప్రకటించెను. కొత్త విజ్ఞానము పంచాంగముద్వారా ఇంటింటికి చేరిన మార్గమిది.

సౌరకుటుంబ చిత్రము మారుచునే యున్నది. 1781లో యురేనసు, 1846లో నెప్ట్యూను కనుగొనబడినవి. 1930లో గ్రహముల పట్టికలో చేరిన ప్లూటో 2006లో మరుగుజ్జు గ్రహముగా నిర్ణయింపబడినది. యురేనసునకు వలయములున్న సంగతి 1977 మార్చి 10వ తేదీన బయల్పడినపుడు, కృష్ణగిరి జిల్లా కనతిదూరమున, జవ్వాదికొండలలోని కావలూరు వేధశాలయందును ఆ పరిశీలన జరిగినది. ఆ వేధశాలను నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదున పెరిగి చదివినవాడు.

ఈ చరిత్ర మనకు బోధించునది రెండు విషయములు. పూర్వులకు సర్వమును తెలియుననుట అసత్యము. వారికేమియు తెలియదనుట అంతకన్న అసత్యము. లెక్క ఆకాశముతో పొసగనపుడు లెక్కను సవరించిన ధైర్యమే వారి నిజమైన వారసత్వము. 1956 రాష్ట్రవిభజన పిమ్మట ఈ సీమలో తెలుగు మనకు ఇంటిభాషగాను, పాఠశాలలో అల్పసంఖ్యాకుల భాషగాను మిగిలినది. ఇచ్చటి బాలుడు ఉగాదినాడు పంచాంగశ్రవణమున విను గ్రహము, రాశి, గ్రహణము అను మాటలే విజ్ఞానశాస్త్ర పాఠమునను వినుచున్నాడు. మాట ఒక్కటే, అర్థము మాత్రము శతాబ్దములుగా మారుచు వచ్చినది. పంచాంగమున సూర్యుడొక గ్రహము. పాఠమున నతడొక నక్షత్రము. ఈ భేదము నెవ్వరును విప్పిచెప్పనిచో బాలుడు ఇంటి మాటను మూఢమనియో, బడి మాటను పరాయిదనియో తలంచును. దానిని తెలుగుననే విప్పిచెప్పవలెను. మల్లికార్జునసూరి ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే చేపట్టిన ఆ పనిని మన పాఠశాలలు విడువరాదు.