మాట వెనుక కథ: కైఫియత్తు

కడప, కర్నూలు సీమల గ్రామచరిత్రలను వెదకువారికి కైఫియత్తు చిరపరిచితమైన మాట. ‘ఎట్లు’ అను నర్థము గల ‘కైఫ’ యను అరబ్బీ పదమునుండి పుట్టి, పారసీకము నడచిన కచేరీల మీదుగా మన కరణముల నోటికి వచ్చిన యీ శబ్దమునకు స్థితి, వివరము, వాఙ్మూలము అని యర్థములు. 1800లో నిజాము కుంపిణీకి దత్తము చేసిన యీ మండలములలో కల్నల్ మెకంజీ పంపిన మనుష్యులు ఊరూరు తిరిగి, ఊరి పేరెట్లు కలిగెనో, చెరువెవరు కట్టించిరో, గుడికి ఏ మాన్యము చెల్లుచున్నదో కరణముల కవిలెలను జూచి వ్రాయించుకొనిరి; ఆ వ్రాతలే కైఫియత్తులు. 1821లో ఆయన గతించిన పిమ్మట ఆ వ్రాతలకు ప్రతులు వ్రాయించి కాపాడినవాడు, కడపలో కొలువు చేసిన బ్రౌను దొర. ఆ ఋణము మనము తీర్చుకొనజాలనిది.

నేటి సాఫ్ట్‌వేరు వృత్తిలో ఈ మాటకు సరిగా నొప్పు వస్తువొకటి కలదు. ఒక ప్రోగ్రాము ఏయే ప్యాకేజీలపై ఆధారపడినదో, వాని వెర్షను లెవ్వియో తెలుపు ఫైలు, ఎన్‌పీఎం వాడువారి ప్యాకేజ్ డాట్ జేసన్ వంటిది, ఆ ప్రోగ్రాము కైఫియత్తే. అందొక కామా జారినచో ఫైలంతయు యంత్రమునకు చదువరానిదగును. కావుననే విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్లకు, పేరొక గడిలో వెర్షను వేరొక గడిలో చూపి, మార్చినదానిని కామాలు కుదిర్చి తామే ఫైలున వ్రాయు ఎక్స్‌టెన్షన్లు వచ్చినవి. ఇట్టి ‘కాన్ఫిగరేషన్ ఫైలు’నకు తెనుగు మాట వెదకువారు కొత్త సమాసములు కల్పింపక, ఈ సీమ దస్త్రములలో నున్న యీ మాటను వాడి చూడవలెనని నా కోరిక.