ప్రతులకు: రచయిత ఇంటి చిరునామా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో అచ్చయిన కవితా సంపుటాలు నాలుగు తిరగేస్తే చాలు, ఒక సంగతి తెలిసిపోతుంది. మొదటి పేజీల్లో 'ప్రతులకు' అని రాసిన చోట చాలావాటిలో రచయిత ఇంటి నంబరు, ఫోన్ నంబరే ఉంటాయి. ప్రచురణ సంస్థ పేరు ఇంట్లో వాళ్ల పేరే. రాసిందీ, డబ్బు పెట్టిందీ, అమ్ముకోవలసిందీ ఒక్కరే. గరిడేపల్లిలాంటి మండల కేంద్రంలో ఉండే పంతులు పుస్తకం వేశాడనుకోండి, దాన్ని పెట్టి అమ్మే దుకాణం ఊళ్లో ఉండదు. చుట్టుపక్కల పట్నాలకు పోతే అక్కడి పుస్తకాల షాపుల బతుకంతా బడి పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్ల మీదే.

ఈ కష్టం పాతదే. కాకపోతే దీనికి మందు కనిపెట్టిన వాళ్లూ ఈ నేల మీదనే ఉన్నారు. కోదాడ పక్కనున్న మునగాల పరగణా అప్పట్లో నైజాం ఇలాకా నడుమ కృష్ణా జిల్లా ముక్కగా ఉండేది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టారు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు అండ దానికుంది. 1907లో గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో ప్రచురణ మొదలైంది. వాళ్ల తెలివి పుస్తకాల ఎంపికలో ఎంత ఉందో, చందాదారుల పద్ధతిలో అంతకంటే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. ముందుగా పేరు నమోదు చేసుకున్న వాళ్లకు తగ్గింపు ధరకు పుస్తకాలు పంపేవారు. కొనేవాడు ఖాయమయ్యాకే అచ్చు పని. తర్వాత వచ్చిన గ్రంథమాలలు చాలా ఈ బాటే పట్టాయి.

నైజాం జిల్లాల్లో పరిస్థితి వేరు. తెలుగు బడులు తక్కువ. సభ పెట్టాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. అయినా 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక తెచ్చారు. అదే ఏడు ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి పల్లెలో సొంత ప్రెస్సు పెట్టుకుని 'తెనుగు' పత్రిక నడిపారు, పుస్తకాలూ వేశారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. గోలకొండ పత్రిక చేతిలో ఉండబట్టే అంతమంది దగ్గరి నుంచి పద్యాలు తెప్పించగలిగారు.

పుస్తకం అమ్మడం గురించి మాట్లాడాలంటే మాత్రం వట్టికోట ఆళ్వారుస్వామి దగ్గర ఆగాలి. సూర్యాపేటకు దగ్గరే ఉన్న నకిరేకల్ ప్రాంతపు మనిషి, 1915లో పుట్టారు. విజయవాడలో హోటల్ సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరుగా బతుకీడ్చారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. తాను వేసిన పుస్తకాలను, ఇతరులు వేసిన వాటినీ తట్టలో పెట్టి నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఆంధ్ర మహాసభలు, గ్రంథాలయాలు, చదువుకున్న వాళ్ల ఇళ్లు, అవే ఆయన బజారు. 'ప్రజల మనిషి' నవల రాయడానికి ఎన్నో ఏళ్ల ముందే పుస్తకాల తట్ట మోసిన రచయిత ఆయన. జైలులో తోడున్న దాశరథి తన తొలి సంపుటి 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆళ్వారుస్వామి దగ్గర డబ్బు లేదు, దుకాణం లేదు. ఎవరికి ఏ పుస్తకం కావాలో తెలిసిన మనిషి, అంతే. నేటి స్వీయ ప్రచురణకు కొరవడింది ఆ మనిషే.

తర్వాత అమ్మకం సంస్థల చేతికి పోయింది. 1953లో విశాలాంధ్ర ప్రచురణాలయం వచ్చింది. ఎమెస్కో 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకంతో సభ్యుల ఇళ్లకు పోస్టులో పుస్తకాలు పంపింది. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదలైంది. వీటిలో ఏదీ మండల కేంద్రంలోని ఒంటరి రచయిత కోసం పెట్టింది కాదు. అతనికి దక్కిన ఆసరా గ్రంథాలయాల కొనుగోలు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు సెస్సు వసూలవుతుంది, పుస్తకాలు కొనాల్సింది ఆ సొమ్ముతోనే. స్థానిక సంస్థలు సెస్సు బకాయి పెట్టి కూర్చుంటే, ముందుగా కోత పడేది పుస్తకాల కొనుగోలు మీదే.

ఇక రెండో ఆసరా ఉద్యమం. దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేత ఆవిష్కరింపజేసి జనం నోట పడ్డారు. కోదాడకు చెందిన జూలూరు గౌరీశంకర్ సంపాదకత్వంలో 2002లో తెలంగాణ కవిత్వ సంకలనం 'పొక్కిలి' వచ్చింది. తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ ఏళ్లలో ప్రతి సభా ఒక పుస్తకాల బజారే. పాట విన్నవాడు పుస్తకమూ కొన్నాడు. ఉద్యమం ముగిసింది, ఆ గిరాకీ కూడా ముగిసింది.

డీటీపీ వచ్చాక అచ్చు చేతికందే పనైంది. అమ్మకం మాత్రం అక్కడే ఆగింది. వెల 150 రూపాయలు పెట్టారనుకుందాం. విక్రేతకు 40 శాతం కమీషన్ పోతే 90 మిగులుతుంది. అదీ పుస్తకాలు అమ్ముడయ్యాక, లెక్క చూశాక, ఒకటికి నాలుగుసార్లు ఫోన్ చేశాక. అమ్ముడవనివి తిరిగొస్తాయి, మూలలు మడతపడి. నేరుగా పాఠకుడికే పంపుదామంటే పోస్టు ఖర్చు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఉన్నట్టుండి ఎత్తేసింది. 2025 మే 1న 'జ్ఞాన్ పోస్ట్' తెచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100. పలచని కవితా సంపుటికి ఇది చాలినంత చవకే. గరిడేపల్లి నుంచి అమెరికాలో ఉన్న తెలుగువాడికి ఆన్‌లైన్‌లో ఈ-పుస్తకం అందించవచ్చు, నిజమే. కానీ ఆ పుస్తకం ఉందని అతనికి చెప్పేదెవరు?

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఆవిష్కరణ సభలో వేదిక మీది వాళ్లకూ ముందు వరుస వాళ్లకూ ఉచితంగా ప్రతులు పంచే అలవాటు రచయితకు చేటు. కొనగలిగిన వాళ్లు ఆ హాల్లోనే ఉంటారు, వాళ్లకే ఊరికే ఇచ్చేస్తే ఇంకెవరు కొంటారు? శాలువాలకు పెట్టే ఖర్చు మానేసి, హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి ఒక మనిషిని కూర్చోబెడితే మేలు. ఈసారి కోదాడలోనో సూర్యాపేటలోనో పుస్తకావిష్కరణకు వెళ్తే, రచయిత ఎంత దగ్గరివాడైనా సరే, వెల చెల్లించి ప్రతి తీసుకోండి. మీ మండల గ్రంథాలయంలో ఇంకో ప్రతి తెప్పించమని అడగండి.