బోర్డు జిల్లాది, జీతం ఖజానాది

టెక్సాస్‌లో ఇల్లు కొనబోయే కృష్ణా జిల్లా కుర్రాడు ఏజెంటును మొదట అడిగేది గదులెన్ని అని కాదు, ఆ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్టులోకి వస్తుందని. అక్కడ స్కూల్ డిస్ట్రిక్టంటే చిన్నపాటి ప్రభుత్వం. దాని పాలకవర్గాన్ని ఓటర్లు ఎన్నుకుంటారు. ఇళ్ల మీద, స్థలాల మీద బడి పన్ను ఆ పాలకవర్గమే వేస్తుంది. సూపరింటెండెంటును పెట్టేదీ, తీసేసేదీ అదే. బడికి మంచి పేరొస్తే ఇంటి ధర పెరుగుతుంది, ధరతో పాటు పన్నూ పెరుగుతుంది. ఆ కుర్రాడు పుట్టి పెరిగింది పెనుగొలనులో అనుకుందాం. అక్కడ బడి ఎవరిదని అడిగితే గేటు మీది బోర్డు చూపిస్తారు: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. చిన్నపిల్లల బడికి వెళ్తే మండల ప్రజా పరిషత్ పేరుంటుంది. పరిషత్తులంటే మనం ఓటేసి ఎన్నుకునేవే కదా, మరి మనకూ స్కూల్ డిస్ట్రిక్టు ఉన్నట్టే కదా అనిపిస్తుంది. బోర్డు రాసిన నాటికి అది కొంతవరకు నిజమే.

పేరులోనే పెద్ద కొలనును దాచుకున్న ఈ ఊరు ఎక్కడికీ కదల్లేదు. దాని నెత్తిన ఉన్న ఆఫీసులే కదిలాయి. మొదట కృష్ణా జిల్లా తిరువూరు తాలూకా. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాక గంపలగూడెం మండలం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఊరి బడిని ఏలినవాళ్ల చరిత్ర కూడా ఇలాంటి కదలికలదే.

సర్కారు బడి పుట్టకముందు బడి అంటే ఒక పంతులు, ఒక అరుగు, ఇసకలో అక్షరాలు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ బడుల లెక్క తీయమన్నాడు. ఆ లెక్క 1826లో తేలింది: మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది చదువరులు. అందులో ఆడపిల్లలు చాలా కొద్దిమంది. పంతులుగారిని పోషించేది తల్లిదండ్రులు. నెలకింత డబ్బు, పంటకింత ధాన్యం. దసరా నవరాత్రుల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి తెచ్చుకునే మామూలు ఆయన వార్షిక బడ్జెట్టు. ఇప్పుడు 'దసరా మామూలు' అంటే పోస్టుమ్యానో, కరెంటు లైన్‌మ్యానో గుర్తొస్తాడు గానీ, మొదట అది బడి పద్దు.

ఊరు తన బడికి తానే పన్ను కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. టెక్సాస్ దాకా పోనక్కర్లేదు, గోదావరి ఒడ్డు దాకా పోతే చాలు. 1850ల మధ్యలో రాజమండ్రి సబ్‌కలెక్టరుగా ఉన్న జి. ఎన్. టేలర్ నర్సాపురం వైపు కొన్ని బడులు పెట్టించాడు. అవి చూసిన చుట్టుపక్కల రైతులు మాకూ బడులు కావాలన్నారు, కట్టే శిస్తు మీద ఇంత శాతం అదనంగా వేసి ఖర్చు రాబట్టుకోమన్నారు. గోదావరి ఆనకట్ట నీళ్లొచ్చి డెల్టా పచ్చబడుతున్న రోజులవి, చేతిలో నాలుగు రూకలాడుతున్నాయి. శిస్తు పెంచితే గగ్గోలు పెట్టే రైతు, తనంతట తాను పెంచమని అడిగిన సందర్భం రెవెన్యూ చరిత్రలో అరుదు. ఇలా ఊళ్లు తమ మీద తాము పన్ను వేసుకోవడానికి వీలుగా 1863లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. అడిగి చేసుకున్నంత కాలం బాగున్న పని, చట్టంగా మారాక చప్పబడింది. చాలా ఊళ్లు దాని జోలికే పోలేదు.

1871లో స్థానిక నిధుల చట్టం వచ్చి భూమి మీద సెస్సును అందరికీ తప్పనిసరి చేసింది. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. సెస్సులో ముఖ్యభాగం రోడ్లకు పోగా మిగిలినదాంట్లో ఆస్పత్రులకూ బడులకూ పంచారు. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం ఇంకో అడుగు వేసింది. జిల్లాకో విద్యా మండలి పెట్టి, తాలూకా బోర్డు కావాలనుకుంటే విద్యా పన్ను వేసుకోవచ్చంది. మన చరిత్రలో స్కూల్ డిస్ట్రిక్టుకు అతి దగ్గరగా వచ్చిన ఏర్పాటు అదే. కానీ మెట్ట తాలూకా బోర్డు పన్ను వేస్తే ఎంత రాలుతుంది? ఎత్తు మీది చేనుకూ కాలవ కింది మాగాణికీ ఒకటే అణా రేటు, రాబడి మాత్రం ఒకటి కాదు. స్థానిక పన్నుతో నడిచే బడికి ఉన్న ఈ పాత రోగం అమెరికాలో ఇప్పటికీ ఉంది, పేద పేటకు పేద బడి. 1934లో తాలూకా బోర్డులను రద్దు చేశారు. బడులు బందరు (మచిలీపట్నం)లోని జిల్లా బోర్డు చేతికి పోయాయి. తిరువూరు నుంచి బందరు వంద కిలోమీటర్లకు పైమాటే. పెనుగొలను నుంచి బడి పెంకులు కారుతున్నాయని అర్జీ పెడితే అది ఎన్ని బళ్లు మారి చేరాలో ఊహించుకోవచ్చు.

ఊరికి అవతలి పక్క సంగతీ ఒకటి చెప్పాలి. మధిర వైపు సరిహద్దు దాటితే నిజాం రాజ్యం. అక్కడి సర్కారు బడుల్లో 1948 దాకా బోధన ఎక్కువగా ఉర్దూలో. ఇవతల తెలుగులో. ఒకే నేల, ఒకే మాట, ఒకే మిరప చేను. ఇప్పుడు అదే గీత మీద మళ్లీ రెండు రాష్ట్రాలున్నాయి. అయితే ఈసారి పిల్లాణ్ని ఏ బస్సు ఎక్కించాలన్నది భాషను బట్టి కాదు, ఫీజును బట్టి తేలుతోంది.

1959 నవంబరు 1న పంచాయతీ రాజ్ అమల్లోకి వచ్చి జిల్లా బోర్డు స్థానంలో జిల్లా పరిషత్ కూర్చుంది. ఉన్నత పాఠశాలలు పరిషత్తుకు, ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితికి. గేటు మీది బోర్డు అప్పటిదే. ఆ తరం మాస్టార్లు తమను 'పరిషత్ టీచర్లం' అని చెప్పుకునేవాళ్లు, పక్కన 'గవర్నమెంటు టీచర్లు' వేరు. పరిషత్ టీచరు జీతం గ్రాంటుగా వచ్చేది, వచ్చినప్పుడు వచ్చేది. చెప్పే పాఠం ఒకటే, జీతం అందుకునే తేదీ వేరు. బదిలీ మాత్రం దగ్గరివాళ్ల చేతిలో ఉండేది. పరిషత్ అధ్యక్షుడి మాటకు, సమితి అధ్యక్షుడి మాటకు బరువుండేది. ఆ బరువు కింద నలిగినవాళ్లున్నారు, దాన్ని పట్టుకుని పైకి పాకినవాళ్లూ ఉన్నారు. స్థానిక పాలన అనగానే కళ్లు చెమర్చుకునే మిత్రులు ఆ రోజుల్లో మాస్టారుద్యోగం చేసిన పెద్దాయన్నెవరినైనా అరుగు మీద కూర్చోబెట్టి అడిగి చూడాలి.

అందుకే ఉపాధ్యాయ సంఘాలు రెండే కోరాయి. జీతం నేరుగా ఖజానా నుంచి రావాలి, బదిలీ కౌన్సెలింగులో జరగాలి. రెండూ సాధించుకున్నాయి. '010 పద్దు' అన్న మాట బయటివాళ్లకు అంకెలా ఉంటుంది, టీచర్ల ఇళ్లలో మాత్రం ఒకటో తారీఖు మీద భరోసా. ఆ పద్దు కిందికి వచ్చిన రోజే పరిషత్ చేతిలోంచి బడి డబ్బు సంచి జారిపోయింది. నియామకం డీఎస్సీ చేస్తుంది, జీతం ఖజానా ఇస్తుంది, బదిలీ కంప్యూటరు చేస్తుంది. పరిషత్తుకు మిగిలింది బోర్డు మీది పేరు, సర్వీసు రిజిస్టరు, నేల. ఈ మార్పు అన్యాయమని నేననను. రాజకీయం తగ్గింది, జీతం నిలకడగా వచ్చింది. కానీ దీంతో పాటు జరిగిన ఇంకో సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు: సంచి ఎవరి చేతిలో ఉందో ఊరు మర్చిపోయింది. 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 17వ అంశంగా ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీల పద్దులో రాసింది. రాత అక్కడే ఉంది.

1986 తర్వాత సమితి పోయి మండల పరిషత్ వచ్చింది, మండల విద్యాధికారి వచ్చాడు. 1998లో సముదాయ భాగస్వామ్య చట్టంతో విద్యా కమిటీలు పుట్టాయి. 2010 ఏప్రిల్‌లో అమలుకొచ్చిన విద్యాహక్కు చట్టం వాటిని యాజమాన్య కమిటీలు చేసింది, నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున, చాలాచోట్ల చేతులెత్తించి ఎన్నుకుంటారు. 2024 ఆగస్టులో ఆ ఎన్నికలు జరిగాయి. కాగితం మీద ఇది చిన్న స్కూలు బోర్డే. దీని చేతిలో ఉండే సొమ్ము సమగ్ర శిక్షా గ్రాంటు. ముప్పై మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10,000, వంద లోపు 25,000, రెండున్నర వందల లోపు 50,000, వెయ్యి లోపు 75,000. సుద్దముక్క, రిజిస్టరు, బల్బు, కొళాయి మరమ్మతు, చీపురు అన్నీ అందులోంచే. పైగా ఆ గ్రాంటులో అరవై శాతం ఢిల్లీ వంతు, నలభై రాష్ట్రానిది. ఊరిది సున్నా. గ్రామ పంచాయతీ ఇంటి పన్ను రసీదులో లైబ్రరీ సెస్సు అని ఒక గడి ఉంటుంది, రూపాయికి ఎనిమిది పైసలు. బడి పేరిట గడే ఉండదు.

పెద్ద సొమ్ము పైనుంచి దిగుతుంది, దిగేటప్పుడు పేరు కూడా వెంట తెచ్చుకుంటుంది. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు చాలా బడులకు రంగులు, బల్లలు, మరుగుదొడ్లు తెచ్చింది, ఆ ఖర్చు తల్లిదండ్రుల కమిటీ ఖాతా ద్వారా నడిపింది. బాగున్న పని బాగుందనాలి. కమిటీ చేతికి కాస్తంత డబ్బు చూపించిన అరుదైన కాలమది. 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చి, దగ్గర్లో ఉన్నత పాఠశాల ఉంటే మూడు నుంచి ఐదు తరగతులను అందులోకి కలిపేయమంది. అంటే మండల పరిషత్ పిల్లలు జిల్లా పరిషత్ బడికి మారారు. ఇందుకు ఏ పరిషత్ తీర్మానం కోసమూ ఎవరూ ఆగలేదు. 2025లో ఆ జీవో రద్దయి తరగతికో టీచరుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలంటూ కొత్త పేర్లొచ్చాయి. మూడో తరగతి పిల్లాడు మూడేళ్లలో ఎన్ని గేట్లు మారాడో వాళ్లమ్మకే తెలియాలి.

ఇంకో తమాషా. రెవెన్యూ జిల్లా విడిపోయినా కృష్ణా జిల్లా పరిషత్ విడిపోలేదు. జిల్లా విద్యాశాఖాధికారి విజయవాడలో, పరిషత్ మచిలీపట్నంలోనే. 2025 మెగా డీఎస్సీ కూడా పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే జరిగింది. తాలూకా బోర్డు పోయినప్పటి బందరు దారి తొంభై ఏళ్ల తర్వాతా చెరిగిపోలేదు.

మరి చదువెలా ఉంది? అందరూ చూసేది పదో తరగతి శాతం. రాష్ట్రం మొత్తానికి 2019లో 94.88. తర్వాత రెండేళ్లు కరోనా, అందరూ పాస్. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. పిల్లల తెలివి ఇలా జారి అలా ఎగబాకదు. 2019లో బడి వేసే అంతర్గత మార్కులుండేవి, తర్వాత తీసేశారు. పేపర్ల సంఖ్య మారింది, కరోనాతో తరగతి గది నెలల తరబడి మూతపడింది, పుస్తకాలు ఇంగ్లీషు మీడియంలో ఎన్‌సీఈఆర్‌టీవి అయ్యాయి. ఇక ఒక్క ఊరి బడికొస్తే ఈ శాతం మరీ మోసం చేస్తుంది. నలభై మంది రాసే చోట మిరప కోతలకు పోయి ఒక్కడు లెక్కలు తప్పితే రెండున్నర శాతం ఎగిరిపోతుంది. ఆ మరుసటి వారం మీటింగులో హెడ్మాస్టరు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ పిల్లాడికి తెలుగు వాక్యం చదవడం వచ్చా అని మాత్రం ఆ మీటింగులో ఎవరూ అడగరు. నా మటుకు బడి పనితీరంటే ఆ ఒక్క ప్రశ్నే. దానికి జవాబు కమిటీలో కూర్చున్న తల్లి ఇంట్లోనే తెలుసుకోగలదు, పిల్లాడి చేతికి పేపరిచ్చి.

ఆ తల్లి ఖాతాలో 2025 జూన్‌లో ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద 13,000 పడింది. మంజూరైంది 15,000. తగ్గిన 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు ముందే పట్టుకున్నారు. అంతకుముందు పథకం అమ్మఒడిలోనూ ఇలాగే పట్టుకున్నారు. తల్లికి వందనంలో ఇద్దరు పిల్లలుంటే ఆ కోత 4,000. నూట డెబ్బై ఏళ్ల కింద నర్సాపురం రైతులు శిస్తు మీద వేసుకోమన్నదీ దాదాపు ఇలాంటి సొమ్మే, బడి ఖర్చుకు ఊరి వంతు. తేడా ఏమిటంటే వాళ్లు అడిగి ఇచ్చారు, ఏ బడికి ఎంత పోతోందో ఎదురుగా చూశారు. ఈమె సంగతి ఫోనుకు వచ్చిన మెసేజీలో ఉంది: 13,000 జమ.