నగరం చెట్లు, ఉపగ్రహం జల్లెడ

2022 జనవరిలో వెలువడిన భారత అటవీ స్థితి నివేదిక హైదరాబాద్‌కు తీపి కబురే తెచ్చింది. 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న నగర అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి చేరిందట. పెరుగుదల 147 శాతం. నివేదిక పరిశీలించిన ఏడు మహానగరాల్లో మరేదీ దీని దరిదాపుల్లో లేదు. అదే పదేళ్లలో బెంగళూరు దాదాపు ఐదు, అహ్మదాబాద్ ఎనిమిదిన్నర చదరపు కిలోమీటర్ల మేర పోగొట్టుకున్నాయి. నివేదికకు ఆరేళ్ల ముందు, ఫ్లైఓవర్ల కోసం కేబీఆర్ పార్కు చుట్టూ చెట్లు కొట్టొద్దని రోడ్డెక్కిన నగరవాసులు మాత్రం ఈ అంకె చూసి నొసలు చిట్లించే ఉంటారు.

నిజానికి ఆ అంకెతోనూ, వాళ్ల ఆక్రోశంతోనూ పేచీ లేదు. ఏది చెట్టు, ఎన్ని చెట్లయితే అడవి అన్నది ఎవరు, ఏ పరికరంతో తేల్చారన్న దగ్గరే ఉంది కిటుకంతా. ఆ కథలో హైదరాబాద్‌కు మొదటినుంచీ పెద్ద పాత్రే ఉంది.

1980ల దాకా మన దేశంలో అడవి అంటే అటవీ శాఖ దస్త్రాల్లో ఉన్న భూమి. అక్కడ చెట్టున్నా, మోడున్నా, బండరాళ్లే ఉన్నా రికార్డులో అది అడవే. ఆ లెక్కన సుమారు 7.5 కోట్ల హెక్టార్లు. 1972లో అమెరికా తొలి ల్యాండ్‌శాట్‌ను కక్ష్యలోకి పంపాక ఈ లెక్కకు గండం వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ దూర సంవేదన సంస్థ, ఇప్పటి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఆ చిత్రాలను ముందేసుకుని దేశం మొత్తాన్నీ కొలిచింది. 1972–75 నాటికి చెట్లున్న నేల సుమారు 5.55 కోట్ల హెక్టార్లు. 1980–82 నాటికి 4.63 కోట్లు. అంటే ఏటా 13 లక్షల హెక్టార్లు మాయం! ఢిల్లీ ఉలిక్కిపడింది.

డెహ్రాడూన్‌లో 1981లో పుట్టిన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా ఉపగ్రహ చిత్రాలనే చదివి, 1987 నాటి తొలి నివేదికలో సుమారు 6.4 కోట్ల హెక్టార్లని చెప్పింది. ఆకాశంలోంచి చూసే కన్ను ఒకటే అయినా, రెండు సంస్థల చదువులో కోటిన్నర హెక్టార్లకు పైగా తేడా. చివరికి ఇద్దరూ కూర్చుని లెక్కలు సరిచూసుకోవాల్సి వచ్చింది. అప్పట్లో చిత్రాలను కాగితం మీద పరిచి, రంగుల తేడాను బట్టి మనుషులే గీతలు గీసేవారు. మ్యాపు మీద ఒక మిల్లీమీటరు, నేల మీద కిలోమీటరు.

ఆ మొదటి మ్యాపులో 400 హెక్టార్ల కన్నా చిన్న తోపు ఏదీ కనపడదు. కేబీఆర్ పార్కు మొత్తం కలిపినా 160 హెక్టార్ల లోపే. కాబట్టి ఆ లెక్కలో అది లేనట్టే. తర్వాత్తర్వాత జల్లెడ కంతలు సన్నబడ్డాయి. 400 పోయి 25 హెక్టార్లు వచ్చింది, 2001 నుంచి ఒక్క హెక్టారు. మన సొంత ఐఆర్‌ఎస్ ఉపగ్రహాల లిస్-3 కెమెరా నేలను దాదాపు 24 మీటర్ల గళ్లుగా చూడగలగడమే ఈ మార్పుకు ఊతం.

అటవీ విస్తీర్ణం నిర్వచనాన్ని కాస్త నిదానంగా చదవాలి. ఒక హెక్టారు, ఆపైన నేలలో కనీసం పదో వంతు చెట్ల నీడ పడితే చాలు, అది అటవీ విస్తీర్ణం. భూమి ఎవరిదన్న ప్రశ్న లేదు, చెట్టు ఏదన్న పట్టింపూ లేదు. మామిడి తోటా అడవే, నీలగిరి తోటా అడవే, గేదెలు కూడా మూతి తిప్పుకునే సర్కారు తుమ్మ చెట్టంత ఎదిగితే అదీ అడవే. 2015లో మొదలైన హరితహారంలో ఒక్కచోట గుంపుగా నాటిన మొక్కలు అయిదారేళ్లలో ఆ పదో వంతు నీడ పరిస్తే పాసైపోతాయి.

ఇక పాస్ కానివేవి? ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు నూటయాభై మంది దాకా దాని కొమ్మలెక్కి బతికారు. ఒంటరి చెట్టు గనక అటవీ విస్తీర్ణంలో దానికి చోటు లేదు. ఒంటరి చెట్లకూ, హెక్టారు దాటని చిన్న తోపులకూ వేరే పద్దు ఉంది. దాన్ని మ్యాపు గీసి కాదు, నమూనా సర్వేతో అంచనా కడతారు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల విషయంలో పౌరులు ఆ అంచనాల కోసం ఎదురుచూడలేదు. రహదారి విస్తరణకు బలి కాబోతున్న దాదాపు 900 మర్రులను ఒక్కొక్కటిగా గుర్తించి, జియోట్యాగ్ చేసి, హరిత ట్రిబ్యునల్ ముందుకు వెళ్లారు.

చెట్టు చెట్టునూ లెక్కపెట్టడం, పైనుంచి కొలవడం అనే రెండు పనులనూ న్యూయార్క్ దగ్గర పెట్టుకుంది. 1995 నుంచి పదేళ్లకోసారి వలంటీర్లు వీధి చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. 2005లో 5.92 లక్షలు తేలాయి. 2010లో విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి లైడార్‌తో కొలిస్తే, నగరంలో సుమారు 21 శాతం నేల మీద చెట్ల గొడుగు ఉందని తెలిసింది. ఒక లెక్క మొదళ్లది, ఇంకోటి కొమ్మలది. ఏ వీధిలో నీడ లేదో చూపించే ఆ రెండో లెక్క ఎండాకాలంలో మనకే ఎక్కువ అవసరం.

2025 వసంతంలో ఈ కొలతలు కోర్టు మెట్లెక్కాయి. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. రికార్డుల్లో అది అటవీ భూమి కాదన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేత ఆపించింది. అక్కడ అంతకుముందు ఎంత చెట్టుండేదో చెప్పడానికి ఫారెస్ట్ సర్వే మళ్లీ ఉపగ్రహ చిత్రాలనే ఆశ్రయించింది. ఆ నెల 16న, కొట్టేసిన సుమారు వంద ఎకరాల్లో పచ్చదనాన్ని ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళికతో రమ్మని ధర్మాసనం ప్రభుత్వాన్ని అడిగింది.